పేరు చెప్పను గానీ

మా బడిలో ఏ మాటా దాగదు. ఈ ముక్క కోపంతోనే రాస్తున్నాను. పదకొండేళ్ళుగా అక్కడ పాఠాలు చెప్తున్నదాన్ని, ఆ మాత్రం కోప్పడే హక్కు నాకుందనుకుంటున్నాను.

కర్నూలు నుంచి వచ్చే బస్సు ఓర్వకల్లు దాటాక ఒక స్టేజీ దగ్గర దింపుతుంది. అక్కణ్ణించి రాళ్ళగుట్టల వైపు ఆటోలో పది నిమిషాలు వెళ్తే చర్చి కాంపౌండు. పాత రాతి చర్చి ఒక పక్క, రేకుల కప్పు వేసిన మా బడి ఇంకో పక్క, మధ్యలో చేతిపంపు. నూట ముప్పై మంది పిల్లలు, ఆరుగురు టీచర్లం. నేను సైన్సు చెప్తాను. చర్చి పాస్టరు గారి భార్యే మాకు హెడ్మిస్ట్రెస్. ఊళ్ళో అందరూ ఆయన్ని అయ్యగారనీ, ఆమెను అమ్మగారనీ పిలుస్తారు. బడిలోనూ అదే పిలుపు.

రోజూ తొమ్మిదింటికి అసెంబ్లీ. ఒక కీర్తన, కంఠతా పట్టిన బైబిలు వాక్యం ఒకటి, ప్రతిజ్ఞ, ఆ తర్వాత ప్రార్థన విన్నపాలు. ఎవరికి ఏ అక్కర ఉన్నా చెయ్యెత్తి చెప్పాలి, మిగతావాళ్ళంతా కళ్ళు మూసుకుని దాని కోసం ప్రార్థించాలి. "మా మేక ఈనాల మేడం." "మా బోరులో నీళ్ళు పడాల మేడం." ఇంతవరకూ బాగానే ఉంటుంది. తర్వాత మూడో తరగతి పాప ఒకతె లేచి, "మా నాయన దినామూ తాగొస్తాండాడు మేడం" అంటుంది. మధ్యాహ్నం అన్నాల వేళకు ఆ నాయన గేటు దగ్గర నిలబడి, "నా మర్యాదంతా తీసినారు కదప్పా!" అని కేకలు వేస్తాడు. "మేం ప్రార్థన చేసినాం గానీ చాడీలు చెప్పినామా?" అని అమ్మగారు నిజంగానే ఆశ్చర్యపోతారు. గుట్టల మీదుగా ఓర్వకల్లు ఎయిర్‌పోర్టులో విమానం దిగేటప్పుడు పిల్లల్లో సగం మంది ఒక కన్ను తెరిచి చూస్తారు. నేనైతే మొదటి నుంచీ రెండు కళ్ళూ తెరుచుకునే ఉంటాను, ఈ పూట ఎవరి సంసారం బయట పడుతుందో అని.

పెద్దవాళ్ళ సంగతులకు అమ్మగారు ఒక నియమం పెట్టుకున్నారు. పేరు చెప్పరు. "పేరు చెప్పను గానీ, చర్చి ఎనక సందులో నీలం గేటు ఇంట్లో, కొత్తగా కాపురానికొచ్చిన బిడ్డ అత్తతో శానా కష్టపడతాండాది. ఆ బిడ్డ కోసం ప్రార్థన చేద్దాం." ఆ సందులో నీలం గేటు ఒక్కటే ఉంది. ఆ అత్తగారు ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరుసలోనే కూర్చుంటుంది.

నన్నూ వదల్లేదు. నాకు ముప్పై తొమ్మిదేళ్ళు, పెళ్ళి కాలేదు, చేసుకోవాలనీ లేదు. ఏటా కొత్త సంవత్సరం ఆరాధనలో "పేరు చెప్పను గానీ, మన సైన్సు టీచరమ్మకు తగిన తోడు దొరకాల" అని మైకులో ప్రార్థన. నాకొద్దు మహాప్రభో అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! "నువ్వు వద్దంటే దేవునికి చెప్పేది మానుకుంటామా తల్లీ?" అంటారు అమ్మగారు. చెప్పి చెప్పి నా తలప్రాణం తోకకొచ్చింది.

ఇలాంటి చోట, ఈ ఏడాది బళ్ళు తెరిచిన నెలకు, ఒక ఉదయం స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చంక వైపు చేతికి గడ్డ తగిలింది. చింతగింజంత ఉంది. నొప్పి లేదు. నొప్పి లేదని నిశ్చింతగా ఉండటానికి లేదని సైన్సు చెప్పేదానికి తెలియదా? ఆ రోజు ఏడో తరగతికి ఆకులు ఆహారం ఎలా తయారు చేసుకుంటాయో చెప్తూ, బోర్డు మీద సగం సమీకరణం రాసి మిగతా సగం మర్చిపోయాను.

నా భయం సరే, అంతకన్నా పెద్ద భయం మా అమ్మ గురించి. మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, ఆ జబ్బుతోనే పోయింది. పత్తికొండ మార్కెట్లో టమోటాలు ఏరి గంపలకెత్తే పని మానుకుని, ఎనిమిది నెలలు కర్నూలు ఆసుపత్రిలో అమ్మే దగ్గరుండి చూసుకుంది. పిన్ని పోయాక మళ్ళీ టమోటాల దగ్గరికి వెళ్ళింది గానీ, ఆ జబ్బు పేరు మాత్రం ఈనాటికీ నోటితో పలకదు. టీవీలో దాని ఊసు వస్తే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. అందుకని నేను ఒకటే అనుకున్నాను. పరీక్ష చేయించుకుంటాను. మంచి కబురైతే అమ్మకు ఎప్పటికీ చెప్పను. చెడు కబురైతే పక్కన కూర్చుని నేనే చెప్తాను. అంతవరకూ ఆ మాట అమ్మ చెవిన పడకూడదు. నేను కోరుకున్నది అదొక్కటే.

పరీక్షకు గురువారం కర్నూలు రమ్మన్నారు. సెలవు కావాలి. మా బడిలో సెలవు చీటీ మీద సొంత పని అని రాస్తే చెల్లదు. అమ్మగారు కళ్ళద్దాలు పైకి తోసుకుని, "ఏం సొంత పనమ్మా?" అని అడిగారు. పళ్ళు నొప్పి అని చెప్పి ఉండాల్సింది. అబద్ధం నోటికి రాలేదు, అదీ నా ఖర్మ. తలుపు దగ్గరికి వేసి సంగతంతా చెప్పి, "మీకు దండం పెడతా అమ్మగారూ, ఇది మీ దగ్గరే ఉండాల. మాయమ్మకు అసలు తెలీకూడదు" అన్నాను. ఆమె లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి అక్కడికక్కడే ప్రార్థన చేశారు. కళ్ళు తుడుచుకున్నారు. "నా కడుపులోనే పెట్టుకుంటా తల్లీ, నువ్వు భయపడొద్దు" అన్నారు. నేను నమ్మాను. పదకొండేళ్ళుగా ఆ మనిషిని చూస్తున్నదాన్ని, నమ్మాను!

మర్నాడు అసెంబ్లీలో మేకలూ బోర్లూ అయిపోయాయి. అమ్మగారు ఒక అడుగు ముందుకు వేశారు. "పేరు చెప్పను గానీ" అనగానే నాకు అర్థమైపోయింది. "మన టీచర్లలో ఒక బిడ్డకు ఒంట్లో గడ్డ ఉండాది. ఎల్లుండి కర్నూల్లో పరీక్ష. ఆ బిడ్డ మీకందరికీ సైన్సు చెప్తాది. ఆమె కోసం ప్రార్థన చేద్దాం."

నూట ముప్పై తలలు నా వైపు తిరిగాయి. లెక్కల టీచరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్లయింది. ప్రార్థన మాత్రం చాలాసేపు సాగింది, నా వయసూ, నా పెళ్ళీ, మా పిన్నీ కూడా అందులోకి వచ్చేశారు.

అసెంబ్లీ అవగానే ఆఫీసు గదిలోకి దూసుకెళ్ళాను. "ఎవరికీ చెప్పనంటిరి కదా!"

"నేను యాడ చెప్పినా? పేరెత్తినానా?"

"ఈ బడిలో సైన్సు చెప్పేది నేనొక్కదాన్నే కదా అమ్మగారూ!"

"మనుషులకు చెప్పలేదమ్మా, దేవునికి చెప్పినా. మనుషులు పక్కనుండి ఇన్నారు, అంతే" అన్నారామె. ఆ ముఖంలో ఎగతాళి లేదు, తప్పు చేసిన బెరుకూ లేదు. నా మీద జాలి మాత్రం బోలెడంత ఉంది. అది చూసి నాకు ఇంకా ఒళ్ళు మండింది. ఎగతాళి అయితే నాలుగు మాటలని బయట పడేదాన్ని.

ఇక ఊరంతా నా మీద పడింది. స్త్రీల సమాజం వాళ్ళు శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టారు. అది చాలదని గొలుసు ప్రార్థన కూడా పెట్టారు. గొలుసు ప్రార్థన అంటే ఒక ఇంటివాళ్ళు ఒక గంట చేసి లేస్తే, వెంటనే పక్కింటివాళ్ళు మొదలుపెట్టాలి, మధ్యలో తెగకూడదు. ఎవరిది ఏ గంటో అందరికీ తెలియాలి కదా, ఆ పట్టిక రాయడానికి వాళ్ళకు దొరికింది నా తరగతి గదిలో నల్లబోర్డు! బోర్డు నిండా ఇంటి పేర్లూ గంటలూ. తుడవబోతే పిల్లలు అడ్డం పడ్డారు. "తుడపొద్దు టీచర్, అది మీ కోసరమే." కింద మిగిలిన జానెడు జాగాలో జీర్ణవ్యవస్థ బొమ్మ వేశాను. పేగులకు చోటు చాలక గోడ మీదికి వచ్చాయి.

వంట చేసే ఆయమ్మ అడక్కుండానే నా పళ్ళెంలో రెండు గుడ్లు వేసేది. ఒకామె ప్రార్థించిన నూనె సీసా తెచ్చింది. ఇంకొకామె అది వేడి చేసి వచ్చిన గడ్డేనని తేల్చి, రాగిజావ తాగమంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె గుమ్మం దగ్గర నిలబడి, "టీచర్, గడ్డంటే కణాలు ఎక్కువయ్యేదే కదా? అన్నీ చెడ్డవే ఉండవు, మంచివి గూడా ఉంటాయని మీరే చెప్పింటిరి" అంది. ఎప్పుడు చెప్పానో నాకు గుర్తు లేదు. దాని ముందు ఏడవకూడదని, "హోంవర్కు చేసినావా?" అని కసిరాను.

నీలం గేటు కోడలు కూడా వచ్చింది. చేతిలో మూత పెట్టిన గిన్నె. "నా కోసరం ప్రార్థన చేసినప్పుడు నాకూ ఇట్లనే ఒళ్ళు మండింది టీచర్" అంది.

"తర్వాత ఏమాయ?"

"మాయత్త అవమానంతో వారం దినాలు నాతో మాట్లాడలే" అని ఆ పిల్ల నవ్వింది. "శానా హాయిగా ఉండె." ఆ వారంలో నేను నవ్వింది అప్పుడొక్కసారే.

గురువారం కర్నూలు వెళ్ళాను. ఆడ డాక్టరే, సూదితో కొంచెం ముక్క తీశారు, ఫలితం వచ్చే బుధవారం చెప్తామన్నారు. తిరిగి వస్తూ బస్సులో ఒకటే లెక్క వేసుకున్నాను. ఊరికి తెలిస్తే తెలిసింది. పత్తికొండ ఇక్కడికి దగ్గరేం కాదు. అమ్మ దగ్గర ఉన్నది బటన్ల ఫోను, వాట్సాపు లేదు. ఇంకో ఆరు రోజులు గడిస్తే చాలు.

శనివారం మధ్యాహ్నం బడి వదిలేసరికి అమ్మ నా గది మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన టమోటాల సంచి.

"ఎవరు చెప్పిరి?" అన్నాను. అదే నా మొదటి మాట. ఎప్పుడొచ్చావు, అన్నం తిన్నావా అని అడగలేదు.

"ఎవరూ చెప్పలే" అంది అమ్మ. "మా చర్చి అమ్మగారి ఫోన్లో వచ్చిండాది. పేరు చెప్పను గానీ ఓర్వకల్లు కాడ బడిలో సైన్సు చెప్పే పత్తికొండ పిల్ల అని. ఇంకెవరుండారు?"

మా బడి అమ్మగారి గొంతును వాయిస్ మెసేజీగా జిల్లా అంతా తిప్పారన్నమాట! అప్పుడు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. పాస్టరమ్మలను తిట్టాను, ఫోన్లను తిట్టాను, చివరికి బస్సెక్కి వచ్చినందుకు అమ్మను కూడా తిట్టాను. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గదిలోకి వచ్చి, టమోటాలు కడిగి, ఊరుబిండి పచ్చడి నూరింది. నాకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"సూది నొప్పి పెట్టెనా?"

"లేదు."

"ఆడ డాక్టరేనా?"

"ఆఁ."

"రవికంతా తీయమంటారా?"

"ఎందుకమ్మా ఇవన్నీ నీకు?" అని అరిచాను. ఆ నాలుగైదు రోజులూ అంతే. ఎంతసేపు పట్టింది, పక్కన ఎవరైనా ఉంటారా, ముందుగా చీటీ రాయించుకోవాలా అని ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. పిన్ని గుర్తొచ్చి భయపడుతోందనుకున్నాను. ఆ భయం తప్పించాలనే కదా ఇంత దాచింది, అంతా బూడిదలో పోసిన పన్నీరు చేశారని మళ్ళీ అమ్మగారి మీదే మండిపడ్డాను. అమ్మను మాత్రం, "గమ్మునుండు, నన్ను విసిగించొద్దు" అని కసురుతూ వచ్చాను.

బుధవారం ఫలితం వచ్చింది. ప్రమాదం లేని గడ్డ. ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలన్నారు. ఆసుపత్రి బయట నిమ్మసోడా తాగుతూ అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ "దేవునికి స్తోత్రం" అంది. నేను బడికి చేరేసరికే పిల్లలు గేటు దగ్గర చప్పట్లు కొడుతున్నారు. ఎవరు చెప్పారో అడగడం కూడా దండగ.

"ఆదివారం సాక్ష్యం చెప్పాల" అన్నారు అమ్మగారు. ప్రార్థన చేయించుకున్నవాళ్ళు మేలు జరిగాక సంఘం ముందు నిలబడి ఆ మేలు చెప్పుకోవాలి. అది మా దగ్గర తప్పని పద్ధతి. నేను చేయించుకోలేదు, మీరే చేశారు అంటే వింటారా? వినరు. సరే, చెప్తాను, కానీ నేను చెప్పాలనుకున్నది కూడా చెప్తాను అనుకున్నాను. శనివారం కాగితం మీద రాసుకున్నాను కూడా.

ఆదివారం చర్చి నిండిపోయింది. మా బడి పిల్లలు ముందు చాపల మీద, ఆడవాళ్ళు ఎడమ పక్క, వాళ్ళ మధ్యలో మా అమ్మ. మైకు పట్టుకున్నాను. "గడ్డతో ప్రమాదం లేదన్నారు. దేవునికి స్తోత్రం" అన్నాను. "స్తోత్రం!" అన్నారందరూ. "మీరందరూ నా కోసం ఉపవాసం ఉన్నారు, గంటలు గంటలు మోకరించారు. నేను మర్చిపోను." "స్తోత్రం!" "అయితే ఒక మాట. నమ్మి ఒకరు మన చెవిలో వేసిన మాటను ప్రార్థన అని పేరు పెట్టి పదిమందికీ చెప్పొద్దు. అది ఎవరి మాటో వాళ్ళదే. చెప్పుకోవాలనుకుంటే వాళ్ళే చెప్పుకుంటారు." ఇప్పుడు చర్చి అంతా ఉలిక్కిపడుతుందనుకున్నాను. "స్తోత్రం! హల్లెలూయ!" అన్నారు అదే ఊపులో. అమ్మగారైతే అందరికన్నా గట్టిగా అన్నారు. నేను కాగితం మడిచి వచ్చి కూర్చున్నాను. ఈ జనంతో నా వల్ల కాదు అనుకున్నాను.

"ఇంకా ఎవరికన్నా అక్కరలుండాయా?" అని అమ్మగారు అడిగారు.

ఎడమ పక్క నుంచి మా అమ్మ లేచింది.

ఎందుకు లేచిందో నాకు అర్థం కాలేదు. కృతజ్ఞత చెప్తుందేమో అనుకున్నాను. అమ్మ మైకు అందుకోవడం నేనెప్పుడూ చూడలేదు. రెండు చేతులతో పట్టుకుంది. "నేను పత్తికొండ నుంచి వచ్చినా. ఈ టీచరమ్మ వాళ్ళమ్మను. నా బిడ్డకు ఏం కాలేదు, అది చాలు నాకు" అంది. మైకును ఇంకొంచెం దగ్గరికి తెచ్చుకుంది. "నాకు గూడా ఒక గడ్డ ఉండాది. అట్లాంటిదే, ఆడనే. శానా దినాలాయ. ఎవురికీ చెప్పుకోలే. నా కోసరం రవ్వంత ప్రార్థన చేయండి."

ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. అమ్మగారు మెట్టు దిగి వచ్చి అమ్మ పక్కన నేల మీద మోకరించారు. ఆడవాళ్ళంతా కళ్ళు మూసుకున్నారు, పిల్లలు మూసుకున్నారు. నేను ఉన్నచోటే ఉండిపోయాను. నా చేతిలో ఆ కాగితం ముద్దయిపోయింది.

ఆరాధన అవగానే అమ్మను చెయ్యి పట్టుకుని బడి వరండాలోకి లాక్కొచ్చాను. "ఎప్పటి నుంచి?"

"క్రిస్మస్‌కు ముందర చూసుకున్నా."

"ఏడు నెలలు! పిన్నిని దగ్గరుండి చూసుకున్నదానివి నువ్వు, ఏడు నెలలు ఎట్ల ఊరకుంటివి? వారం దినాల నుంచి నా గదిలో నా పక్కనే పండుకుంటాండావే, నాకు చెప్పేకి నోరు రాలేదా? ఈడ ముక్కూమొగం తెలీనోళ్ళ ముందర మైకు పట్టుకుని చెప్తావా? నేను నీకేమీ కానా?"

నా గొంతు చర్చి దాకా వినిపిస్తోందని నాకు తెలుసు. చేతిపంపు దగ్గర పిల్లలు నీళ్ళు కొట్టడం ఆపేసి చూస్తున్నారు. అమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. నా ముఖంలోకి చూడలేదు.

"నీకే చెప్పాలనుకుంటి పాపా. దినామూ అనుకుంటి" అంది. "చెప్తే అరుస్తావని భయమాయ. వాళ్ళయితే ఏమీ అనరు, గమ్మున కళ్ళు మూసుకుంటారు."